పాస్ ఇచ్చినవాడి బూట్లు

1976 ఆగస్టులో నన్ను హెడ్డాఫీసు నుంచి పాతబస్తీలోని మా కార్ఖానాకు వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. ఛత్రినాక దాటాక ఉండేది ఆ కార్ఖానా. నీటి పంపులకు కావలసిన ఇనుప భాగాలు పోతపోయడం దాని పని. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ అంటే కార్మికుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగి అని నిబంధనల పుస్తకం చెబుతుంది. ఆచరణలో క్యాంటీన్ పప్పులో రాయి వస్తే తిట్లు తినేవాడు, సబ్బుబిళ్ళలు తక్కువపడితే సంజాయిషీ రాసేవాడు అని అర్థం. నా ఉత్తర్వు చివర 'అప్పగించిన ఇతర విధులు' అని ఒక ముక్క ఉంది. సర్కారీ ఉత్తర్వుల్లో అసలు పని ఎప్పుడూ ఆ చివరి ముక్కలోనే ఉంటుంది. ఆ ఇతర విధులంటే కార్ఖానా ఫుట్‌బాల్ క్లబ్బు అని చేరిన రోజే తెలిసింది. నేను దానికి మేనేజరును. అప్పటిదాకా బంతిని కాలితో తాకిన పాపాన పోలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, క్లబ్బు వాళ్ళు ఈమధ్య ఫోన్ చేసి, ప్రత్యేక సంచిక వేస్తున్నామనీ, 'మన క్లబ్బు ఆధునిక చరిత్రలో అత్యంత సృజనాత్మకమైన ప్లేమేకర్లు' అన్న అంశం మీద రాసిపెట్టమనీ అడిగారు. ప్లేమేకర్ అనే మాట మా రోజుల్లో లేదు. మైదానంలో ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకుని, బంతిని సరిగ్గా అందించి, పక్కవాడి చేత గోల్ కొట్టించేవాణ్ణి పాతబస్తీలో 'ఆడిపించెటోడు' అనేవారు. నా హయాంలో అలాంటివాళ్ళు ముగ్గురు కనిపించారు. ఒకరు మా కోచ్. ఇంకొకడు ధూల్‌పేట లఖన్ సింగ్. మూడో ఆయన బంతిని ముట్టుకోకుండా, కుర్చీలోంచి లేవకుండా ఆట మొత్తం నడిపించిన మహానుభావుడు, మా పర్సనెల్ ఆఫీసర్ సాంబమూర్తి గారు. సృజనాత్మకతను బట్టి వరస పెట్టమంటే నేను మూడో ఆయన్నే ముందు పెడతాను.

కోచ్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప వినిపించేది కాదు. వయసులో ఉండగా ఆటలో పేరు తెచ్చుకున్న మనిషి. నేను చూసేనాటికి ఆయన మోకాళ్ళు పనిచేయడం మానేశాయి, నోరు మాత్రం ఇద్దరి పని చేసేది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ప్రాక్టీసు చేయించేవాడు. ఆయన పద్ధతిలో ఉన్నదల్లా ఒకటే నియమం. వచ్చిన బంతి ఒక్క తాకిడితో ఇంకొకరి కాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలి. ఎవడైనా రెండోసారి తాకాడంటే మైదానం చుట్టూ పరుగు. "అరె, బాల్ ఇంటికి తీస్కపోతవార? నీ అబ్బ జాగీరా అది? దే దో భాయ్, దే దో!" అని ఆయన వేసే కేక నాకు నిద్రలో కూడా వినబడేది.

లఖన్ సింగ్‌కు ఈ పాఠం రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదట. వాళ్ళది ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మలు చేసే ఇల్లు. అక్కడ గల్లీకి రెండు పక్కలా తడి బొమ్మలు ఆరబెట్టి ఉంటాయి. ఆ మధ్యలోనే వీళ్ళు చిన్నప్పుడు బంతాట ఆడేవారు. బంతి బొమ్మకు తగిలితే తొండం విరుగుతుంది, తొండం విరిగితే వీపు విమానం మోత మోగుతుంది. అలా బంతిని నేలమీద, సరిగ్గా అనుకున్న సందులోంచి పంపడం వాడికి అలవాటైంది. మైదానంలో వాడు పరిగెత్తగా నేను పెద్దగా చూడలేదు. నడిచేవాడు. తల అటూ ఇటూ తిప్పేవాడు. బంతి కాలి దగ్గరికి రాగానే ఎవరూ లేనట్టు కనిపించే చోటికి పంపేవాడు. బంతి అక్కడికి చేరేసరికి మావాడొకడు అక్కడ ఉండేవాడు. ఆ ఒకడు సాధారణంగా మా సెంటర్ ఫార్వర్డ్ డేవిడ్ అయ్యేవాడు. గుర్రంలాంటి మనిషి, గోల్ ముందు బంతి దొరికితే వదిలేవాడు కాడు.

నేను మొదటి మ్యాచ్ చూసిన రోజు ఆట అయ్యాక అందరం నయాపూల్ వంతెన మీదుగా నడిచి వస్తున్నాం. ఆట మూసీకి అవతల, చాయ్ ఇవతల ఇరానీ హోటల్లో. డేవిడ్ రెండు జతల బూట్లు లేసులు ముడేసి భుజాన వేసుకుని ఉన్నాడు. లఖన్ చేతులు ఊపుకుంటూ, చెప్పులు ఈడ్చుకుంటూ, పాన్ నములుతూ ముందు నడుస్తున్నాడు. ఇదేమిటని ఉస్తాద్‌ను అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"గోల్ గొట్టినోనికి పబ్లిక్ సీటీలు గొడ్తది సాబ్. పాస్ ఇచ్చినోనికి ఎవడు గొడ్తడు? గందుకే మా దగ్గర రివాజు. గోల్ గొట్టినోడు పాస్ ఇచ్చినోని బూట్లు హోటల్ దాక మొయ్యాలె. నేను ఆడినప్పట్నుంచి గింతే."

లఖన్ జట్టులోకి వచ్చాక తన బూట్లు తాను మోసుకున్న రోజు ఒక్కటి కూడా గుర్తు లేదని ఆయనే చెప్పాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనిపించిన గర్వం, సొంత కొడుకు గురించి చెప్పేటప్పుడు కూడా నేను చూడలేదు.

ఇక ఉద్యోగాల సంగతి. లఖన్, డేవిడ్ ఇద్దరూ క్యాజువల్ కార్మికులు. అంటే ఆటగాళ్ళుగా తీసుకుని రోజుకూలీ మీద పనిలో పెట్టినవాళ్ళు. పొద్దున ఫౌండ్రీలో పని, మధ్యాహ్నం తరువాత ప్రాక్టీసు. క్యాజువల్‌కు పర్మనెంటు హక్కు పుట్టకుండా అప్పుడప్పుడు ఒక్కరోజు పనిలోంచి తీసేసి మర్నాడు మళ్ళీ కొత్తగా చేర్చుకునే ఆచారం ఉండేది. మనిషి అదే, చెయ్యి అదే, ఇసుక అచ్చు అదే, కానీ కాగితం మీద కొత్తవాడు. లఖన్‌కు మట్టి పని వచ్చుగనుక అచ్చులు కట్టే మోల్డింగ్ షాపులో వేశారు. వాడు కట్టిన అచ్చులో పోసిన పోత పాడయ్యేది కాదని ఫోర్‌మన్ అనేవాడు.

ఆ ఏడు హెడ్డాఫీసు నుంచి రెండు సంగతులు ఒకేసారి దిగాయి. ఆటగాళ్ళ కోటాలో ఒక పర్మనెంటు ఖలాసీ పోస్టు మంజూరు కావడం మొదటిది. సీజను ముగిశాక మిగతా క్యాజువల్స్ అందరినీ ఇంటికి పంపెయ్యాలన్నది రెండోది. పోస్టు ఒకటి, మనుషులు ఇద్దరు. డేవిడ్ తండ్రికి కనీసం ప్రెస్సులో ఉద్యోగం ఉంది. లఖన్‌కు ధూల్‌పేటలో వినాయకచవితి ముందు నెలల్లోనే చేతినిండా పని. బొమ్మలు నీళ్ళలో కలిసిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో అందరూ లఖన్ కూలీ వైపే చూడాలి. వాడికి అప్పటికే పెళ్ళయి చంటిపిల్ల. ఆ పోస్టు వాడికి రావాలని నేను మనసారా కోరుకున్నాను. డేవిడ్ కూడా అదే కోరుకున్నాడన్నది నాకు తరువాత తెలిసింది.

ఇక్కడ సాంబమూర్తి గారు బంతి అందుకున్నారు. ఎమర్జెన్సీలో దేశమంతటా క్రమశిక్షణ పొంగి పొర్లుతున్న రోజులవి. 'మాటలు తక్కువ, పని ఎక్కువ' అనే బోర్డు మా ఆఫీసులో గోడగోడకూ ఉండేది. ఆ బోర్డుల గురించి మాట్లాడుకోవడంలోనే మాకు సగం రోజు గడిచేది. సాంబమూర్తి గారు మాత్రం ఆ బోర్డును మనసారా నమ్మిన మనిషి. పోస్టు భర్తీ పారదర్శకంగా, శాస్త్రీయంగా జరగాలని ఆయన నన్ను పిలిచి చెప్పారు.

"ఫుట్‌బాల్లో ఉత్పత్తి ఏమిటి నర్సింగరావుగారూ?" అని అడిగారు.

గోల్ అనుకుంటానండీ అన్నాను. అనకుండా ఉండవలసింది. "చూశారా, ఎంత తేలికో. ఎవరి ఉత్పత్తి ఎక్కువైతే వారికి ఉద్యోగం" అన్నారాయన. డేవిడ్ ఖాతాలో ఆ సీజను గోల్స్ బోలెడు. లఖన్ ఖాతాలో సున్న. పాస్ ఇవ్వడం కూడా పనేనండీ అని నాకు తెలిసినంత చెప్పబోయాను. ఫౌండ్రీలో ఇనుము అందించే హెల్పర్‌ను పోత పోసినట్టు లెక్కవేస్తామా అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు అప్పుడు తట్టలేదు. పెన్షన్ పుచ్చుకుంటున్న ఇన్నేళ్ళలో బోలెడు జవాబులు తట్టాయి.

మాటలతో కానిది చూపిస్తే అవుతుందనుకుని, ఒక మ్యాచ్‌కు దయచేయమని సాంబమూర్తి గారిని పిలిచాను. దయచేశారు. జీపులో కుర్చీ వేయించుకుని మరీ వచ్చారు. ఆ రోజు లఖన్ ఆడినట్టు మళ్ళీ ఎవరూ ఆడగా నేను చూడలేదు. అవతలి జట్టు బ్యాక్‌లు ఇద్దరు వాడి మీదకు దూకితే, వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి డేవిడ్ దారిలోకి బంతిని జార్చాడు. ఇంకోసారి వెనక్కి తిరిగి ఉండగానే మడమతో ఇచ్చాడు. ఆ రెండింటినీ డేవిడ్ గోల్ చేశాడు. జనం ఈలలు, టోపీలు గాలిలోకి. సాంబమూర్తి గారు నా వైపు వంగి, "ఆ పొట్టి కుర్రాడు నడుస్తున్నాడేం? ఒంట్లో బాగోలేదా?" అని వాకబు చేశారు. ఆయన దయగల మనిషి అన్నది కూడా నిజమే.

అంతటితో పోయినా బాగుండేది. తిరుగు దారిలో ఆయన జీపు నయాపూల్ మీద ఎడ్లబండ్లు, రిక్షాల మధ్య ఇరుక్కుంది. జీపులోంచి ఆయన కళ్ళారా చూశారు. రెండు గోల్స్ కొట్టిన కార్మికుడు చెమటలు కక్కుతూ రెండు జతల బూట్లు మోస్తున్నాడు. ఆట మొత్తం షికారు చేసినవాడు పాన్ నములుతూ ముందు నడుస్తున్నాడు.

మర్నాడు లఖన్ సింగ్‌కు మెమో వచ్చింది. తోటి కార్మికుణ్ణి సొంత నౌకరులా వాడుకుని సంస్థ క్రమశిక్షణకు భంగం కలిగించినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని దాని సారం. మెమో అంటే సంజాయిషీ కోరే కాగితం. దానికి జవాబు రాయాలి, ఆ తరువాత విచారణ. లఖన్ కాగితం నా దగ్గరికి పట్టుకొచ్చి, "ఇదేంది సాబ్? బూట్లు మోసినోడు డేవిడ్ అయితే నాకెందుకు ఇచ్చిండ్రు?" అని అడిగాడు.

విచారణ సాంబమూర్తి గారి గదిలోనే జరిగింది. ఫిర్యాది ఆయనే, సాక్షి ఆయనే, విచారణాధికారి కూడా ఆయనే. ఒక్క మనిషే అన్ని స్థానాల్లో ఆడడం నేను అక్కడే చూశాను. ఉస్తాద్ రివాజు అంతా మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. సాంబమూర్తి గారు శ్రద్ధగా విని, ఆ రివాజు ఏ సర్క్యులర్‌లో ఉందని అడిగారు.

"సర్క్యులర్‌ల లేదు సాబ్. దిల్‌ల ఉన్నది" అన్నాడు ఉస్తాద్.

దిల్ నెంబరు వేసిన దస్తావేజు కాదు గనుక చెల్లలేదు. డేవిడ్‌ను పిలిచి, నిన్ను బలవంతంగా మోయించారా అని అడిగారు. "బల్వంతం ఎందుకుంటది సార్? ఆయన పాస్ ఇయ్యకపోతే నేను ఉత్త గోడను. బంతి తగిల్తె వాపస్ పోతది, గంతే. నౌకరీ కూడ ఆయనకే ఇయ్యున్రి" అన్నాడు డేవిడ్. సాంబమూర్తి గారికి ఇదంతా భయం వల్ల చెబుతున్నట్టు తోచింది. అయినా ఆయన ధర్మబుద్ధి మేలుకుంది. కొంతసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, పరిష్కారం కనిపెట్టారు. ఆ పరిష్కారం చూసే నేను ఆయన్ని ప్లేమేకర్ల జాబితాలో చేర్చాను.

మెమో మీద చర్య ఉండదు. ఇకమీదట ఎవరి బూట్లు వారే మోసుకోవాలి. పోస్టుకు అర్హత కనీసం ఒక గోల్. అర్హులు ఇద్దరైతే సర్వీసులో సీనియరుకు ఇస్తారు. లఖన్ డేవిడ్ కంటే ముందు చేరినవాడు. మిగిలింది సీజను చివరి మ్యాచ్ ఒక్కటే. అందులో లఖన్ ఒక్కటంటే ఒక్క గోల్ కొడితే పోస్టు వాడిది. కొట్టకపోతే డేవిడ్‌ది, లఖన్ ఇంటికి. బూట్ల నిషేధం అమలు చూసే బాధ్యత నాది, అప్పగించిన ఇతర విధుల కింద.

గదిలోంచి బయటికి రాగానే డేవిడ్ లఖన్‌ను ఎత్తి గిరగిర తిప్పాడు. "ఒక్క గోల్ అన్నా! ఒక్కటే! నీ ముంగట పెడ్త, కాలు అడ్డం పెట్టు చాలు" అన్నాడు. లఖన్ సిగ్గుపడుతూ నవ్వాడు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పాతబస్తీలో కబురు బస్సు కంటే ముందే నయాపూల్ దాటుతుంది. చివరి మ్యాచ్‌కు ధూల్‌పేట మొత్తం దిగింది. లఖన్ భార్య చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి గోల్ వెనక కూర్చుంది. మా జట్టు పదిమందికీ ఆ రోజు ఒకటే పని, బంతి తీసుకోవడం, లఖన్‌కు ఇవ్వడం. అవతలి జట్టు ఎవరిదన్నది అనవసరం. వాళ్ళు నిజాయితీగానే ఆడారు. కాకపోతే వాళ్ళ గోల్‌కీపర్‌కూ సంగతి తెలుసు. కిందపడ్డాక లేవడానికి రోజూ పట్టేదాని కంటే కొంచెం ఎక్కువ సేపు పట్టింది ఆ రోజు.

మొదటి సగమంతా విచిత్రంగా నడిచింది. జన్మలో పాస్ అందుకోవడానికి పరిగెత్తని మనిషికి పాస్‌లు వరదలా వస్తున్నాయి. వాడు వచ్చినదాన్ని వచ్చినట్టు ఒక్క తాకిడితో పక్కకు ఇచ్చేస్తున్నాడు. ఉస్తాద్ బకెట్ మీద నుంచి లేచి, ముప్పయ్యేళ్ళుగా చెప్పిన పాఠాన్ని తానే తుంగలో తొక్కి, "నక్కో దేరే! మార్ రే, మార్! ఇయ్యకురా ఎవ్వనికి!" అని గొంతు చించుకున్నాడు.

ఆట ముగియడానికి కాసేపు ఉందనగా ఆ క్షణం వచ్చింది. డేవిడ్ ఎడమ పక్క నుంచి బంతితో దూసుకొచ్చి, కీపర్ మీద పడేదాకా ఆగి, లఖన్ కాళ్ళ ముందుకు నెట్టాడు. కీపర్ నేలమీద ఉన్నాడు. లఖన్ ముందు గోల్ నోరు తెరుచుకుని ఉంది. మధ్యలో ఎవరూ లేరు. గోల్ వెనక వాడి పెళ్ళాం లేచి నిలబడింది. లఖన్ తల ఒకసారి అటు తిప్పి, ఒకసారి ఇటు తిప్పి, బంతిని కొంచెం వెనకగా డేవిడ్‌కు ఇచ్చాడు.

మైదానమంతా ఒక్క మూలుగు మూలిగింది. డేవిడ్ నమ్మలేనట్టు చూసి, దాన్ని మళ్ళీ వెనక్కి లఖన్‌కే ఇచ్చాడు. లఖన్ మళ్ళీ ఇచ్చాడు. ఖాళీ గోల్ ముందు నిలబడి ఇద్దరు మనుషులు నువ్వంటే నువ్వని బంతిని ఒకరికొకరు మర్యాదగా ఇచ్చిపుచ్చుకోవడం ఫుట్‌బాల్ చరిత్రలో ఇంకెక్కడైనా జరిగిందేమో తెలియదు. పెళ్ళిలో వియ్యంకులు కూడా అంత మొహమాటపడరు. ఇచ్చిన ప్రతిసారీ బంతి కాస్త వెనక్కే పోతోంది గనుక గోల్ దూరమవుతోంది. ఈలోగా అవతలి బ్యాక్‌లు ఇద్దరూ పరిగెత్తుకొచ్చి గోల్ గీత మీద నిలబడ్డారు. కీపర్‌కు కూడా ఇక నేలమీద ఉండడానికి సాకు దొరకలేదు. డేవిడ్ ఏడుపు గొంతుతో "కొట్టన్నా! నీ కాళ్ళు మొక్కుత, కొట్టు!" అని అరుస్తూ వాడి ముందు అడ్డంగా పరిగెత్తాడు. లఖన్ అప్పుడు కొట్టాడు. ఇద్దరు బ్యాక్‌ల మధ్య ఉన్న సందులోకి కాదు. పరిగెత్తుతున్న డేవిడ్ కాళ్ళ దగ్గరికి. బంతి డేవిడ్ మోకాలికి తగిలి, కీపర్ పక్క నుంచి దొర్లి, గోల్‌లోకి పోయింది.

రిఫరీ గోల్ ఊది, డేవిడ్ పేరు రాసుకున్నాడు. డేవిడ్ మోకాళ్ళ మీద కూలబడి మొహం దాచుకున్నాడు. గెలిచిన జట్టు అలా ఏడవడం చూసి అవతలివాళ్ళు వచ్చి ఓదార్చారు.

ఉస్తాద్ లఖన్‌ను చొక్కా పట్టుకుని, "ఏందిరా గిది? పాగల్ గిట్ల అయినవా?" అని అడిగాడు. లఖన్ తప్పు చేసిన పిల్లవాడిలా నేల చూస్తూ, "డేవిడ్ ఖాళీగ ఉండె ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్ చొక్కా వదిలేశాడు. బకెట్ మీద కూర్చుండిపోయాడు. ఆ నియమం వాడి కాళ్ళలోకి ఎక్కించింది ఆయనే. దాన్ని ఒక్కరోజుకు దింపడం ఆయన వల్ల కూడా కాలేదు. నాకు లఖన్ మీద పట్టరాని కోపం వచ్చింది. చంటిదాన్ని ఎత్తుకుని అలాగే నిలబడి ఉన్న ఆ అమ్మాయిని చూశాక కోపం కూడా నిలవలేదు, దుఃఖం వచ్చింది.

నయాపూల్ మీదుగా అందరం నడిచాం. లఖన్ బూట్లు విప్పగానే డేవిడ్ వాటిని లాక్కుని భుజాన వేసుకున్నాడు. "నీకు దిమాక్ ఉన్నదా? నీ పాస్‌లతోని నౌకరీ తీస్కొని నేనేం మొహం పెట్టుకొని పోవాలె?" అని దారిపొడుగునా తిట్టాడు. లఖన్ ఒక్కసారే జవాబు చెప్పాడు. "ఫికర్ జెయ్యకు. ఖాళీగున్నోనికి ఇయ్యకుంటె అది ఆట గాదు." నిషేధాన్ని అమలు చేయవలసిన ఉద్యోగిని నేను పక్కనే ఉన్నాను. ఆ సమయంలో నేను మూసీలో నీళ్ళు ఎంతున్నాయో పరిశీలిస్తున్నట్టు నా మనసుకు చెప్పుకున్నాను.

ఉత్తర్వులు అనుకున్న ప్రకారమే వచ్చాయి. డేవిడ్ పర్మనెంటు. ఉద్యోగం వద్దంటానని రెండు రోజులు మొండికేస్తే, నువ్వు వదిలినా పోస్టు లఖన్‌కు రాదు, రద్దవుతుంది అని నేనే నచ్చచెప్పి సంతకం పెట్టించాను. లఖన్‌ను నెలాఖరుకు తీసేశారు. సాంబమూర్తి గారు హెడ్డాఫీసుకు పంపిన నివేదికలో ఈ ఎంపిక విధానం అన్ని యూనిట్లకూ ఆదర్శం కాగలదని రాశారు. దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది.

లఖన్‌ను ఉస్తాద్ తీసుకెళ్ళి ఇంకో డిపార్ట్‌మెంటు జట్టు ఆఫీసరు ముందు నిలబెట్టాడు. ఆ ఆఫీసరుకూ ఫుట్‌బాల్ తెలియదు. కానీ ఆయనకు తనకు తెలియదన్న సంగతి తెలుసు. తన జట్టు ఫార్వర్డును పిలిచి, ఈ మనిషి కావాలా అని అడిగాడట. ఆ ఫార్వర్డు ఆఫీసరు కాళ్ళ మీద పడినంత పని చేశాడట. లఖన్‌కు అక్కడ పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. పాతిక ఉత్తర్వులు, ఒక విచారణతో మాకు తేలనిది అక్కడ ఒక్క ప్రశ్నతో తేలింది.

మరుసటి సీజనులో మా జట్టు గోల్స్ ఎండిపోయాయి. డేవిడ్ పరిగెత్తని చోటు లేదు, కానీ వాడు చేరే చోటికి బంతి చేరడం మానేసింది. ఉత్పత్తి ఎందుకు పడిపోయిందో రాతపూర్వకంగా తెలపమని సాంబమూర్తి గారు నన్ను అడిగారు. ముడిసరుకు సరఫరా ఆగిపోయిందని రాశాను. ఆయనకు ఆ జవాబు నచ్చింది, సరఫరాదారును మార్చమన్నారు.

ఆ ఏడే లఖన్ కొత్త జట్టుతో మాకు మ్యాచ్ పడింది. సాంబమూర్తి గారు ముఖ్య అతిథి. లఖన్ అలాగే నడిచాడు, తల అలాగే తిప్పాడు, వాళ్ళ ఫార్వర్డులు మా మీద గోల్ మీద గోల్ కొట్టారు. ఒక ఏడాది క్రమశిక్షణ తరువాత సాంబమూర్తి గారికి చూపు కొంత మెరుగుపడినట్టుంది. "ఆ మధ్యలో ఉన్న పొట్టివాడే కదూ అంతా ఆడిస్తున్నది? ఇలాంటి కుర్రాణ్ణి మనం ఎందుకు తీసుకోలేదు నర్సింగరావుగారూ?" అని నన్ను నిలదీశారు.

"అతనికి గోల్స్ లేవండి" అన్నాను.

ఆయన అర్థమైనట్టు తల ఊపారు. మనిషిని గుర్తుపట్టలేదు. ఆ తరువాత కొన్నాళ్ళకు ప్రమోషన్ మీద హెడ్డాఫీసుకు వెళ్ళిపోయారు.

ఆట అయ్యాక వాళ్ళ ఫార్వర్డులు సంబరంగా లారీ ఎక్కి వెళ్ళిపోయారు. ఆ జట్టులో మా రివాజు లేదు. లఖన్ గట్టు మీద కూర్చుని బూట్లు విప్పి, రెండింటి లేసులూ కలిపి ముడేసే అలవాటు లేక, చెరో చేత్తో చెరొకటి పట్టుకుని లేచాడు. తన బూట్లు తాను పట్టుకోగా వాణ్ణి నేను చూడడం అదే మొదలు. అవి పరాయి మనిషివి అయినట్టు ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. ఓడిపోయిన మా జట్టులోంచి డేవిడ్ లేచి వెళ్ళి, అవి అందుకుని, లేసులు ముడేసి భుజాన వేసుకున్నాడు.

"ఇయ్యాల నువ్వు గోల్ గొట్టలే కదరా" అన్నాడు లఖన్.

"పోయినేడుది బాకీ ఇంక తీరలే. మోకాలుతోని గొట్టింది" అన్నాడు డేవిడ్.

ఇద్దరూ నయాపూల్ వైపు నడిచారు. అవతలి జట్టు ఆటగాడికి మా కార్మికుడు యూనిఫాంలో సేవ చేసినట్టు ఎవరో ఫిర్యాదు చేశారు. దాని మీద నివేదిక కోరుతూ కాగితం నా టేబుల్ మీదకే వచ్చింది. విచారించగా సదరు కార్మికుడు ఆ సమయంలో ఖాళీగా ఉన్నట్టు తేలిందని రాసి ఫైలు మూసేశాను.

ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా సర్వీసు చేశాను. చాలామంది పనితీరు మీద రహస్య నివేదికలు రాయవలసి వచ్చింది. ఆ నివేదికల్లో ఉత్పత్తికి ఒక గడి ఉంటుంది, హాజరుకు ఒక గడి, నడవడికకు ఒక గడి. అవన్నీ నింపేముందు ఆ మనిషి పక్కన పనిచేసేవాళ్ళను పిలిచి ఇతని బూట్లు మీలో ఎవరు మోస్తారని అడిగేవాణ్ణి. కొత్తవాళ్ళు నాకు మతి చలించిందనుకునేవారు. పాతవాళ్ళు జవాబు చెప్పేవారు. నేను రాసిన నివేదికల్లో తరువాత తప్పని తేలినవి, ఆ ప్రశ్న అడగడం మరిచిపోయి రాసినవే.